లోపలివైపు గడియ

"ఇంట్లో మనుసులకి దాపరికమేటి?" అని మా అత్త అమ్మన్నమ్మ, మా గది తలుపుకి లోపలివైపు గడియ ఊడబీకించింది. కలకత్తా గార్డెన్ రీచ్‌లోని ఆ రెండు గదుల ఇంటికి నేను కాపురానికొచ్చి అప్పటికి నెల కూడా కాలేదు. తర్వాత పైడి పుట్టింది. ముందుగదిలో మా ఆయన మల్లేశు, మీటింగని వచ్చి పేకాటకు దిగే యూనియన్ స్నేహితులు. లోపల నేను గోడవైపు తిరిగి పిల్లకు పాలిచ్చేదాన్ని. ఎవరో ఒకరు మంచినీళ్లకని తలుపు తోసేవారు. నేను పమిట లాక్కుంటే పిల్ల ఉలిక్కిపడి ఏడ్చేది. "బిడ్డకి పాలివ్వడానికి కూడా సిగ్గేటే?" అని అత్త నవ్వేది.

ఇంత తెలిసినదాన్నే ఆ బోను గీశాను. జూలో జంతువుల గూళ్లకు నమూనాలు గీయడం, అవి ఎందుకు అంతరించిపోతున్నాయో చూసేవాళ్లకు అర్థమయ్యేలా బోర్డులు రాయడం నా ఉద్యోగం. ఈసారి నీటిపిల్లి. చేపలు పట్టుకుని బతుకుతుంది. చెరువులు పూడ్చి మేడలు కడుతుంటే బెంగాల్లో తరిగిపోతోంది. మా ఆడపిల్లి చూలుతో ఉంది. "జనం తల్లినీ పిల్లల్నీ చూడాలి. చూస్తేనే కదా జాలి పుట్టేది" అన్నారు పెద్దసారు. పిల్లలు పెట్టే గూటి నోరు జనానికి కనబడకుండా వెనక్కి ఉండాలని నాకు తెలుసు. ఆయన మెచ్చుకోవాలని ముందుకు పెట్టి, అద్దం బిగించాను. 'అమ్మ ప్రేమ చూడండి' అని బోర్డు కూడా రాశాను.

ఈ ఉదయం వెళ్లేసరికి అద్దం ముందు బడిపిల్లలు ఎగబడి చూస్తున్నారు. రాత్రి ఈనిన పిల్లి ఒక కూనను నోట కరుచుకుని ఆ మూల నుంచి ఈ మూలకు తిరుగుతోంది. దించడానికి దానికి కనుమరుగు చోటు దొరకడం లేదు. రెండో కూన నీళ్లతొట్టి పక్కన చచ్చిపడి ఉంది. కాపలాదారు నితాయ్‌దా దాన్ని గుడ్డలో చుట్టి తీసుకుపోయాడు. నాకేసి చూడలేదు. నన్ను తిట్టినా బాగుండేది. దాన్ని చంపింది నేనే. సారు చెప్పారని సర్దిచెప్పుకోవచ్చు. కానీ అప్పుడు గోడవైపు తిరిగి కూర్చున్నది సారు కాదు, నేను.

అద్దానికి అడ్డంగా గోనెపట్టా కట్టాను. సారు పరుగున వచ్చి, "ఇప్పుడు వీళ్లకేం చూపిస్తావు?" అన్నారు. బోర్డు వెనక్కి తిప్పి సుద్దతో రాశాను: 'తల్లి లోపల ఉంది. చూడకండి. దాన్ని బతికించడానికి ఇవాళ మీరు చేయగలిగింది ఇదే.' ఆయన పట్టా మీద చెయ్యి వేశారు. "తీస్తే మిగిలిన కూన కూడా పోతుంది సార్. మీ ఇష్టం" అన్నాను. ఆయన చెయ్యి తీసేశారు. బడిపిల్లలు బోర్డు చదువుకుని, గొంతులు తగ్గించుకుని వెళ్లారు. కాసేపటికి లోపల పిల్లి తిరిగే అలికిడి ఆగింది, కూనను దించుకున్నట్టుంది.

సాయంత్రం ఇంట్లో మామూలుగానే పేకాట. ఎనిమిదో క్లాసు చదువుతున్న పైడి ఒక చేత్తో తలుపు నొక్కిపట్టి, రెండో చేత్తో బడిబట్టలు మార్చుకుంటోంది. రోజూ ఇంతే. రోజూ నేను కూరగిన్నె పట్టుకుని ఆ తలుపు ముందు నుంచే పోతున్నాను. తల కొట్టేసినట్టయింది.

వెనక్కి తిరిగి బజారుకెళ్లి గడియ కొనుక్కొచ్చాను. నేనే మరలు బిగించాను.

"ఏటే ఆ సప్పుడు? టీ ఇస్తావా నేదా?" అన్నాడు మల్లేశు.

పైడి లోపలికెళ్లి గడియ వేసుకుంది. అత్త లేచొచ్చి తలుపు తోసింది. రాలేదు.

"నోపలేటి సేస్తోందే అది?"

"తెల్దత్తా" అన్నాను. "మనకి తెలియక్కర్నేదు."