నల్ల కవచం మనిషి

లేలండ్ మారెక్ వారమంతా టెక్సాస్ పల్లెల్లో తిరుగుతూ గుర్రాలకు నాడాలు కొడతాడు. శని, ఆదివారాలు మాత్రం నల్ల కవచం తొడుక్కుని, పాతకాలపు రాజుల వేషాలతో జరిగే సంతలో, రౌతులు ఎదురెదురుగా దూసుకొచ్చి బల్లేలతో పొడుచుకునే ఆటలో ఓడిపోతాడు. ఓడిపోవడమే అక్కడ అతని పని. జనం ఛీ కొడుతుంటే పిడికిలి చూపించి, దెబ్బ తగలకుండా దొర్లిపడడంలో అతనంతటివాడు లేడని తోటి రౌతులే అంటారు.

ఆ మే నెల శనివారం గెలవాల్సినవాడు గారెట్ వాస్. కొత్తగా చేరిన కుర్రాడు. బిస్కెట్ అనే తెల్లగుర్రం మీద, ఇనుప కవచంలో ధగధగా మెరిసిపోతున్నాడు. వాళ్లమ్మ రోండా కొడుకు ఆట చూడడానికి మొదటిసారి వచ్చి ముందు వరసలో కూర్చుంది.

రెండు పరుగులు బాగానే సాగాయి. బల్లేలు ఫెళఫెళా విరిగాయి. మూడోసారి లేలండ్ పడిపోవాలి. కానీ ఎదురొస్తున్న గారెట్ బల్లెం మొన నేలకు వాలిపోతోంది. డాలు పక్కకు జారింది. తల గుండెల మీదికి వేలాడుతోంది. లేలండ్ తన బల్లేన్ని చప్పున పైకెత్తేసి, తగలకుండా దాటుతూ, "గారెట్" అని పిలిచాడు. పలుకు లేదు.

ఎండకు కుర్రాడు ఆ ఇనుములో ఉడికిపోయాడు.

మైదానం చివరికి చేరేసరికి బిస్కెట్ అలవాటుగా నడకలోకి దిగింది. పైన మనిషి గోనెసంచిలా ఊగుతున్నాడు. ఆ బరువుతో తలకిందులుగా పడితే మెడ విరుగుతుంది. సాయం కోసం అరవొచ్చు. అరిస్తే జనం కంచె దూకి పరిగెత్తుకొస్తారు, పరిగెత్తే మనుషుల్ని చూస్తే బిస్కెట్ బెదురుతుంది. అదే తిట్లూ ఈలలూ అయితే దానికి వారం వారం ఉండేవే.

లేలండ్ బల్లెం పారేశాడు. గుర్రాన్ని తిప్పి బిస్కెట్ పక్కకు చేర్చి, గారెట్ నడుం పట్టీ గట్టిగా దొరకబుచ్చుకున్నాడు.

"మీ వీరుడు నా బందీ" అని గర్జించాడు. "మీరక్కడే కూర్చుని ఏడవండి."

"వదలరా, దొంగవెధవా" అని జనం లేచి నిలబడ్డారు. ఎవరో విసిరిన నిమ్మరసం గ్లాసు భుజానికి తగిలింది. అతను పట్టు వదలకుండా, రెండు గుర్రాల్నీ నింపాదిగా మైదానం చివరనున్న తెర వెనక్కి నడిపించుకుపోయాడు.

అక్కడ గుర్రాలు చూసుకునే లూపే కత్తితో తోలుపట్టీలు కోసేసింది. ఇద్దరూ కలిసి కుర్రాణ్ణి దించి, చల్లనీళ్లు గుమ్మరించారు. అంబులెన్సుకు కబురెళ్లింది. అంతలో రోండా తెర తోసుకుని వచ్చింది.

"ఏమయ్యా, ఓడిపోవాల్సింది నువ్వట కదా. నా కొడుకుని ఏం చేశావ్?"

"ఆ తడితువ్వాలు ఇలా ఇవ్వండమ్మా" అన్నాడు లేలండ్, తలెత్తకుండా.

ఆమె అందించింది. అందించాక, కొడుకు మొహం చూశాక, అర్థమైంది. లేలండ్ పక్కనే మోకాళ్ల మీద కూలబడింది.

కాసేపటికి గారెట్ కళ్లు తెరిచాడు. "గెలిచానా?"

"లేదు. నిన్ను ఎత్తుకొచ్చేశాను."

"మనం అనుకున్నది అది కాదుగా."

"పొద్దుట్నుంచి నీళ్లేమైనా తాగావా?"

కుర్రాడు వాళ్లమ్మ వైపు చూసి గొంతు తగ్గించాడు. "లేదు. ఒంటేలుకొస్తే ఇదంతా ఎవడు విప్పుతాడు?"

"చిన్నప్పుడూ ఇంతే వీడు. ఆటలో పడితే చెప్పేవాడే కాదు" అంటూ నవ్వబోయి ఏడ్చేసింది రోండా.

తల్లినీ కొడుకునీ ఎక్కించుకుని అంబులెన్సు వెళ్లింది. బయట జనం ఇంకా తమ వీరుణ్ణి వదలమని కేకలేస్తూనే ఉన్నారు. లేలండ్ శిరస్త్రాణం తీసేసి, నడుచుకుంటూ మైదానం మధ్యకు వెళ్లి మైకు అందుకున్నాడు.

"కుర్రాడికి ఎండదెబ్బ తగిలింది. తెలివొచ్చింది, మాట్లాడుతున్నాడు. ఇవాళ్టికి ఆట లేదు. మీరూ నీళ్లు తాగండి."

చప్పట్లు ఒకచోట మొదలై మైదానమంతా నిండిపోయాయి. ఛీ కొడితే పిడికిలి చూపించడం తెలుసు గానీ చప్పట్లు కొడితే ఏం చెయ్యాలో అతనికి తెలీదు. తల ఊపి వచ్చేశాడు.

బిస్కెట్ జీను విప్పబోతే కొలికి ఊడలేదు. పట్టీని రెండుసార్లు తప్పువైపే లాగాడు. లూపే వచ్చి అతన్ని పక్కకు జరిపి, తనే విప్పింది.

"నువ్వు కూర్చో" అంది నీళ్లసీసా చేతిలో పెడుతూ. "మొత్తం తాగు. నేను చూస్తుంటాను."

అతను గడ్డిమోపు మీద కూర్చుని తాగాడు.