రెండో వరుస, మూడో గుంట

నేను ఒక ప్లాస్టిక్ పలకను. అరచేతిలో ఇమిడిపోతాను. ఒంటి నిండా తొంభై ఆరు గుంటలు. నా పుట్టుక గురించి చెప్పుకునేంత గొప్పేమీ లేదు, నాలాంటివాళ్లు కార్ఖానాలో గంటకు వెయ్యి మంది పుడతారు. విశాఖపట్నంలో ఒక పరిశోధనశాలకు చేరాకే నాకు బతుకంటూ ఒకటి ఏర్పడింది.

అక్కడ డాక్టర్ హైమవతి మలేరియా టీకా కోసం వెతుకుతోంది. మలేరియా క్రిమిలోని ప్రోటీన్లను చిన్న చిన్న ముక్కలుగా తయారుచేయించి, గుంటకొకటి చొప్పున నాలో వేసింది. వాటిపైన గెమ్మెలి సోములమ్మ రక్తంలోని రక్షక కణాలను పోసింది. ఏ ముక్కను చూసి ఆ కణాలు మేలుకుంటాయో ఆ గుంటలో నీలి చుక్కలు పడతాయి. ఇక ఆ ముక్కతోనే టీకా పని మొదలుపెట్టాలి.

సోములమ్మది పాడేరు దాటాక కొండ మీది ఊరు. ఇద్దరు కొడుకులను మలేరియా జ్వరం తీసుకుపోయింది. ఆమె జోలికి మాత్రం రాలేదు. "నా నెత్తురులో ఏటుందో సూసి, మా జమునకి అదే ఎక్కించండమ్మా" అని మిగిలిన ఒక్క కూతురి కోసం చెయ్యి చాపిందట. మనిషి బక్కపలచన. తీసిన రక్తం ఒక్క పలకకే సరిపోయింది. ఆ పలకను నేనే.

నా రెండో వరుస మూడో గుంటలో చుక్కలు పడ్డాయి. ఎన్నని! నాకు గర్వంగా కూడా అనిపించింది.

ముందురోజే ఆయుధపూజ. టెక్నీషియన్ నూకరాజు యంత్రాలన్నిటికీ పసుపు రాసి బొట్లు పెట్టాడు. చుక్కలు లెక్కపెట్టే యంత్రంలో, పలకను ఎటు తిప్పి పెట్టాలో చెప్పే గుర్తు మీద కూడా గంధం దట్టంగా మెత్తాడు. మర్నాడు గుర్తు కనిపించక నన్ను ఇటుది అటుగా పెట్టేశాడు. యంత్రం నా రెండో వరుస మూడో గుంటను ఏడో వరుస పదో గుంటగా రాసుకుంది. పూజలందుకున్న యంత్రం మాటను ఎవరు కాదంటారు? నాకు అరవాలనిపించింది. పలకకు గొంతెక్కడిది!

మూడేళ్లు ఆ తప్పుడు ముక్కనే ఎలుకలకు ఎక్కించారు. ఫలితం సున్నా. చివరికి పని ఆపేసి, "నీ రక్తంలో పనికొచ్చేదేమీ లేదు" అని ఆశా కార్యకర్తతో సోములమ్మకు కబురు పంపారు. ఆ వానాకాలమే జమున కూడా జ్వరంతో పోయింది. టీకాలు అంత తొందరగా రావని నాకు తెలుసు. అయినా నా చుక్కలు చూసుకుంటే దుఃఖం వచ్చేది.

మొన్న సొరుగు ఖాళీ చేస్తూ నూకరాజు నన్ను వెలుతురుకు పట్టాడు. యంత్రం అప్పుడిచ్చిన లెక్కల కాగితంతో పోల్చి చూశాడు. మళ్లీ చూశాడు.

"మేడమ్... అప్పుడు నాను తిరగేసి ఎట్టేసినానండి" అన్నాడు, నన్నూ ఆ కాగితాన్నీ ఆమె ముందు పెడుతూ.

హైమవతి అతన్ని తిట్టలేదు. నన్ను ఫొటో తీసుకుని, కాల్చేసే చెత్త కోసం పెట్టిన పసుపు సంచిలో వేసింది. అప్పటికప్పుడు ఆశా కార్యకర్త ఫోనుకు చేసి, సోములమ్మను పిలిపించి, జరిగిందంతా చెప్పింది. "తప్పు మాదేనమ్మా. మళ్లీ రక్తం కావాలి" అంది. స్పీకర్లోంచి అవతలి మాట సంచిలో ఉన్న నాకూ వినబడింది.

"అయితే నా నెత్తురు మంచిదేనా అమ్మా? పిల్లకి పనికిరాని నెత్తురని ఇన్నాళ్లూ నన్ను నానే తిట్టుకున్నాను."

"మంచిదేనమ్మా" అంది హైమవతి.

"రేపే రండి. ఈసారి సాలినంత తియ్యండి."