వద్దన్న తర్వాత కూడా

మా ఇంట్లో డిగ్రీ దాకా వెళ్ళింది నేనే. అందుచేత ఎవరి కంప్యూటర్‌కి ఏ తెగులు పట్టినా పిలుపు నాకే వస్తుంది. ఆ సాయంత్రం అక్క పిలిచింది.

"ఇదేంటే, వంటల వీడియో పెడితే చెవి మిషన్ల ప్రకటనలు, వాతావరణం చూస్తే చెవి మిషన్లు! ఈ ఇంట్లో చెవిటివాళ్ళెవరు?"

బావ పేపర్లోంచి తలెత్తలేదు. ఆయన మెకానిక్. బానెట్ ఎత్తకుండానే, శబ్దం విని రోగం చెప్పేస్తాడని బండ్లు వెతుక్కుంటూ వస్తాయి. షెడ్డులో అందరూ "చెవి మేస్త్రి" అంటారు.

నేను బయల్దేరుతుంటే మెట్ల దాకా వచ్చాడు. గుసగుసలాడుతున్నాననుకుని గట్టిగానే అన్నాడు.

"చూసింది నేనేనే. ఓ చెవి మొండికేసింది. చెవుల ఆసుపత్రి సైట్లో పరీక్షకి టైము తీసుకుందామని తెరిచాను. కుకీలు పెట్టుకోమంటారా అని అడిగింది. శుభ్రంగా 'వద్దు' నొక్కాను. వద్దన్నాక కూడా చాటింపేస్తే ఎలా? షెడ్డులో తెలిస్తే నా దగ్గరికి ఒక్క బండి వస్తుందా? ఇక ఆ ఆసుపత్రి గడప తొక్కను."

"అది మా ఆఫీసు చేసిన సైటే, బావా."

"మీదా? ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అన్నారా!"

నవ్వాడు గానీ, ఆ నవ్వు ముఖంలో నిలవలేదు.

మనం ఏ పేజీలు చూశామో గుర్తుంచుకోవడానికి మన కంప్యూటర్లోనే దాచిపెట్టే చిన్న గుర్తులే కుకీలు. ప్రకటనలవాళ్ళ గుర్తులైతే ముందు అడగాలి, ఒప్పుకుంటేనే పెట్టాలి అని చట్టం. మర్నాడు ఆఫీసులో, ఆ సైటు ఎన్నడూ తెరవని కంప్యూటర్ ఒకటి వెతికి తెరిచాను. నేనింకా ఏ బటనూ నొక్కలేదు. ప్రకటనల కంపెనీ గుర్తు అప్పటికే వచ్చి కూర్చుంది.

మాకెవరికీ తెలియకపోవడానికి కారణం చిన్నది. కుకీల గురించి అడిగే ఆ పెట్టె తెర మీద అడ్డంగా ఉందని మేమందరం ఎప్పుడో "సరే" నొక్కేశాం. మళ్ళీ అది మాకు కనిపించలేదు. చట్టప్రకారం ఉందా లేదా అన్న తనిఖీ కూడా ఆ కంప్యూటర్ల మీదే చేశాం. మా ఆఫీసులో "వద్దు" నొక్కిన మనిషే లేడు.

మేనేజర్ మేడమ్‌కి చూపించాను.

"అడుగుతున్నాం కదా? రెండు బటన్లూ ఒకే సైజులో పెట్టాం కదా?"

"లోపలికి రావచ్చా అని అడిగేసరికే మనం వంటింట్లో ఉన్నాం, మేడమ్."

ఆవిడ నవ్వబోయి ఆగింది. "ఇది సరిచేస్తే ప్రకటనలు చూసి వచ్చేవాళ్ళ లెక్క పడిపోతుంది. ఆసుపత్రివాళ్ళకి ఎవరు చెప్తారు, నువ్వు చెప్తావా?"

"చెప్తాను."

వెంటనే ఆసుపత్రికి ఫోను చేశాను. అవతల డాక్టరుగారు అంతా విని, "అంటే మా దగ్గరికి రాకముందే రోగుల్ని మేమే బయటపెడుతున్నామా? తీసెయ్యమ్మా," అన్నారు. సాయంత్రానికి సరిచేశాం. ఇప్పుడు "వద్దు" అంటే వద్దే.

తిన్నగా అక్కావాళ్ళింటికి వెళ్ళి ఆ కంప్యూటర్లో పాత గుర్తులన్నీ చెరిపేశాను.

"బాగుచేశాం, బావా."

"చేతులు కాలాక ఆకులు," అని గొణిగాడు.

అక్క వచ్చింది. "ఏం బాగుచేశారు?"

ఆఫీసు పనికోసం నేనే చెవి మిషన్లు వెతికానని చెప్పాలనుకున్నాను. అబద్ధం నోటి దాకా వచ్చింది. బావ చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆ చెవి మిషన్లు నాకేనే. చెవి పోతోంది."

"తెలుసులెండి. పొద్దస్తమానం నేనరుస్తుంటే సంగీతం నేర్చుకుంటున్నాననుకున్నారా? మీ నోటితో చెప్తారనే నిన్న అడిగాను."

బావ చెవి తడుముకున్నాడు. "షెడ్డులో..."

"షెడ్డుకి మేము చెప్పం. మీకు చెప్పాలనిపించినప్పుడు మీరే చెప్పుకోండి. ముందు పరీక్షకి టైము తీసుకోండి."

బావ కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. పెట్టె వచ్చింది. నా వైపు ఓసారి చూసి "వద్దు" నొక్కాడు. మంగళవారం పొద్దున్న ఖాళీ ఉంటే తీసుకున్నాడు.

"ఏ చెవి బాగుంది?" అంది అక్క.

"ఎడమది."

అక్క కుర్చీ అటువైపు లాక్కుని కూర్చుని, అరవకుండా మామూలు గొంతుతో మాట్లాడడం మొదలుపెట్టింది.