ఇక్కడ దిగండి

నగరానికి ఉత్తరాన కొండల మీదుగా ఒక పాత రోడ్డు ఉంది. కొండ కింద సొరంగం తవ్వాక లారీలు, కార్లు అటు మళ్ళాయి. పాత రోడ్డుకు రెండు చివరలా గేట్లు పెట్టి, దాన్నీ, దాన్నుంచి అడవిలోకి చీలే బాటలనూ నగరపాలక సంస్థ సైకిళ్ళకు వదిలేసింది. ఆ దారులకు ఒక సూపర్‌వైజరు ఉన్నాడు. విరిగిపడిన కొమ్మలు తీయించడం, గుంటలు పూడ్పించడం, మలుపుల దగ్గర బోర్డులు పెట్టించడం అతని పని. బోర్డు మీద ఏం రాయాలో తేల్చేది కూడా అతనే.

అతని బావకు బస్టాండు వెనక వీధిలో సెలూన్ ఉంది. రెండు కుర్చీలు, గోడ పొడవునా అద్దం, అద్దం కింద బల్ల మీద కత్తెరలు, దువ్వెనలు, నీళ్ళ స్ప్రే. రెండో కుర్చీలో ఎప్పుడూ పాత పత్రికలు ఉండేవి, ఎందుకంటే పనివాడు బావ ఒక్కడే. పొద్దున షట్టర్ ఎత్తింది మొదలు సాయంత్రం దించేదాకా నిలబడి చేసే పని. అక్క పెళ్ళయిన కొత్తలో సూపర్‌వైజరు బడికి వెళ్ళే పిల్లవాడు. అప్పటినుంచి అతని తల మీద మరొకరు కత్తెర పెట్టలేదు. బావను ‘నువ్వు’ అనే చనువు కూడా ఆ కుర్చీలోనే వచ్చింది.

“తల పెద్దదేగాని లోపల సరుకు లేదురా బామ్మర్దీ. నాకు పని తేలిక,” అనేవాడు బావ.

“నీ పొట్ట అడ్డమొచ్చి అద్దం కనపడట్లేదు. కాస్త పక్కకి జరుగు బావా.”

“అద్దంలో చూసుకుని ఏం చేస్తావ్? ఉన్న ముఖమే కదా.”

ఒకర్నొకరు ఇలా అనుకోకపోతే ఇద్దరికీ తోచదు. ఇంట్లోనూ అంతే. అక్క వింటూ ఉండేది. ఎప్పుడైనా శ్రుతి మించితే, “ఇద్దరికీ కలిపి గుండు గీయిస్తే పీడా పోతుంది,” అని లోపలికి వెళ్ళిపోయేది.

బావకు షుగర్ వచ్చింది. డాక్టరు నడవమన్నాడు. రోజంతా కాళ్ళ మీదే ఉండేవాణ్ణి, మళ్ళీ నడకేమిటని బావ మొండికేశాడు. సైకిలైతే తొక్కుతానన్నాడు. ఊళ్ళో బస్సుల మధ్య సైకిల్ అనగానే అక్క అడ్డం తిరిగింది. తర్వాత తమ్ముణ్ణి పిలిచి అడిగింది.

“నువ్వు చూసే దార్లలో కార్లు రావు కదా?”

“రావక్కా. గేట్లకి తాళాలు.”

“అక్కడైతే పంపిస్తా. ఆయనకి ఏమైనా అయితే నీదే పూచీ.”

“నాదే.”

బావ సెకండ్‌హ్యాండ్ సైకిల్ ఒకటి కొన్నాడు. సెలూన్‌కు సెలవు ఉన్న రోజున కొండకు వెళ్ళేవాడు. మొదట పాత రోడ్డు మీదే తిరిగాడు. ఎత్తు వచ్చినచోట దిగి తోసుకుంటూ నడిచేవాడు, వాలు వచ్చినచోట బ్రేకులు పట్టుకుని మెల్లగా జారేవాడు. ఇంటికొచ్చి అక్కతో చెప్పేవాడు. “అక్కడ హారన్ వినపడదే. నా ఊపిరి నాకే వినపడుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రం మీ తమ్ముణ్ణి తిట్టుకుంటా. తిట్లు అయిపోయేసరికి పైకొచ్చేస్తా.”

షుగర్ తగ్గింది. అక్క నిశ్చింతగా ఉంది. తర్వాత బావ రోడ్డు విడిచి అడవి బాట పట్టాడు, ఒంటరిగా.

ఆ బాట ఒకచోట రెండుగా చీలుతుంది. ఎడమవైపు వాగు మీద చెక్కల వంతెన. వెడల్పు తక్కువ, పక్కల కమ్మీలు లేవు, అందుకని సైకిల్ దిగి నడిపించుకుంటూ దాటాలి. కుడివైపు, ఒకప్పుడు దుంగలు దొర్లించిన వాలు. అది నేరుగా వాగు రాళ్ళలోకి పోతుంది. వంతెన పక్కన నేలంతా బండరాయి. గుంత పడలేదని బోర్డును నాలుగడుగులు కుడికి జరిపి, వాలు మొదట్లో పాతారు. దాని మీద రెండు మాటలు ఉన్నాయి: ‘ఇక్కడ దిగండి.’

రోజూ వచ్చేవాళ్ళకు వంతెన సంగతి తెలుసు. వాళ్ళు బోర్డు చూడరు. బావకు ఆ బాట కొత్త. బోర్డు చదివాడు, వాలు చూశాడు, దిగాడు. సైకిల్ మీదనే.

వెనక వస్తున్న ఇద్దరు కేక విని వాగులోకి వెళ్ళారు. కుడి మోకాలి చిప్ప మూడు ముక్కలైంది.

సూపర్‌వైజరు ఆసుపత్రికి వెళ్ళేసరికి కాలికి కట్టు వేసి ఎత్తుగా పెట్టి ఉంది. బావ అతన్ని చూసి నవ్వబోయాడు.

“దిగమన్నావు. దిగాను.”

మంచం పక్కన అక్క నవ్వలేదు.

“ఏం రాశావురా దాని మీద?”

అతను చెప్పాడు.

“సైకిల్ దిగండి అని రాయొచ్చు కదా. ఒక్క మాటకి అంత కరువొచ్చిందా?”

కరువు రాలేదు. చోటు చాలలేదు. సైకిల్ మీద వచ్చే మనిషికి దూరం నుంచే కనపడాలంటే అక్షరం జానెడు ఉండాలన్నది ఆఫీసు నియమం. ఉన్న రేకు మీద ఆ కొలతతో మూడు మాటలు పట్టవు. ఆ సంగతి సూపర్‌వైజరు సెలూన్‌లో, మెడకు గుడ్డ కట్టించుకుని కూర్చుని బావతోనే అన్నాడు. బావ కత్తెర ఆపకుండా సలహా చెప్పాడు. “సైకిల్ అన్న మాట తీసెయ్. అక్కడికొచ్చేవాడు సైకిల్ మీద కాక ఏనుగు మీద వస్తాడా?” ఇద్దరూ నవ్వుకున్నారు. సలహా బాగుందనిపించింది. సూపర్‌వైజరు మాట తీసేశాడు. ఏ దారికని బావ అడగలేదు, అతనూ చెప్పలేదు.

“రాసేముందు ఎవరికైనా చూపించావా?” అక్క మళ్ళీ అడిగింది.

అతను బావ వైపు చూశాడు. బావ కూడా జవాబు కోసం చూస్తున్నాడు. ఆ చూపులో దాచుకున్నదేమీ లేదు. ఎందరితోనో రోజంతా మాట్లాడే మనిషి. ఆ కుర్చీ దగ్గర అన్న మాటలు జుట్టుతో పాటే ఊడ్చేస్తాడు. ఆ మాట ఆయనకు గుర్తులేదు.

“లేదక్కా. నేనే రాశా.”

“నన్నడిగినా చెప్పేవాణ్ణి కదరా, సైకిల్ అని పెట్టమని,” అన్నాడు బావ.

మామూలు రోజైతే సూపర్‌వైజరు ఆ మాట వెంటనే అందుకునేవాడు. తీసేయమన్నది నువ్వే కదయ్యా, నీ ఏనుగు ఏమైంది, అని ముక్కచీవాట్లు పెట్టేవాడు. కట్టు కట్టిన కాలు చూసి ఊరుకున్నాడు.

“అడగాల్సింది,” అన్నాడు.

“పూచీ నీదన్నావు,” అంది అక్క. ఆ తర్వాత ఆమె ఆ ఊసు మళ్ళీ ఎత్తలేదు. తమ్ముడు వస్తే మంచినీళ్ళు ఇచ్చి వంటగదిలోకి వెళ్ళేది.

ఆ వారంలోనే పెద్ద రేకు మీద మూడు మాటలు రాయించి, బండరాయిని డ్రిల్లుతో తొలిపించి, బోర్డును వంతెన పక్కకు మార్చారు. వాలుకు అడ్డంగా దుంగ పడేశారు. ముందే చేసి ఉండాల్సిన పని. చేయడానికి ఒక పూట పట్టింది.

మోకాలు అతుక్కుంది కానీ పూర్తిగా వంగలేదు. కాసేపు నిలబడితే వాచేది. చక్రాల స్టూలు మీద కూర్చుని కత్తిరించి చూశాడు బావ. కూర్చుంటే నడినెత్తి అందదు. కుర్చీ దించితే వచ్చినవాళ్ళ మోకాళ్ళు వాళ్ళ గడ్డానికే తగిలేవి. కొన్నాళ్ళు చూసి ఒక పనివాణ్ణి పెట్టుకున్నాడు. మొదటి కుర్చీ అతనికిచ్చి, రెండో కుర్చీలోని పత్రికలు తీసి తను కూర్చున్నాడు.

సూపర్‌వైజరు తరచుగా ఇంటికి వెళ్ళేవాడు. పండ్లు పట్టుకెళ్ళేవాడు. మందుల గురించి అడిగేవాడు. ఒకరోజు అతని నోటి నుంచి, “నొప్పి ఎలా ఉంది, మీరు వ్యాయామాలు చేస్తున్నారా?” అని వచ్చింది.

“మీరా?” అన్నాడు బావ. “ఎవర్రా ఇంట్లో నేను కాక ఇంకొకరు?”

సూపర్‌వైజరు నవ్వాడు. మళ్ళీ నోరు తెరిస్తే మళ్ళీ మీరే వచ్చింది.

బావ వదల్లేదు. పొట్ట మీద తనే జోకు వేసుకున్నాడు. సొరంగంలోంచి పోయే కార్లను తిట్టాడు. “ఏరా, నీ తలకాయ ఎంత పెరిగిందో చూపించు,” అని గిల్లాడు. ఎదుటివైపు నుంచి, “అవునండీ,” అని వచ్చేది.

ఆ సలహా బావదేనని చెప్పేద్దామని సూపర్‌వైజరు చాలాసార్లు అనుకున్నాడు. ఆసుపత్రిలో అని ఉంటే అది పోట్లాట అయ్యేది. అక్క ఇద్దరినీ కలిపి దులిపేసేది. బావ తల పట్టుకుని, నా నోరు పడిపోనూ అని తనే ముందు నవ్వేవాడు. ఇప్పుడు చెబితే తప్పు తప్పించుకోవడానికి కుంటివాడి మీదకు తోసినట్టవుతుంది. మంచిపని చేశానని అతను మొదట్లో అనుకున్నాడు. రానురాను తెలిసిందేమిటంటే, లోలోపల క్షమిస్తూ కూర్చున్న మనిషితో హాస్యమాడటం కుదరదు. బావకు తెలియకుండా బావకంటే ఎత్తున కూర్చున్నాడు. అక్కణ్ణుంచి ‘నువ్వు’ అనే మాట రావడం లేదు.

జుట్టు పెరిగింది. కొన్నాళ్ళు వాయిదా వేసి, చివరికి ఒక సాయంత్రం సెలూన్‌కు వెళ్ళాడు. పనివాడు ఒకరికి గడ్డం గీస్తున్నాడు. బావ రెండో కుర్చీలో కాలు చాపుకుని ఉన్నాడు. అలికిడికి తలెత్తాడు.

“రండి. కూర్చోండి,” అన్నాడు. “ఇప్పుడే అయిపోతుంది.”

ఆ గొంతులో ఎగతాళి ఉందేమోనని సూపర్‌వైజరు వెతికాడు. లేదు. కోపమూ లేదు. వచ్చినవాళ్ళతో ఆయన ఎప్పుడూ మాట్లాడే తీరే అది.

వంతు వచ్చింది. మెడకు గుడ్డ కట్టి పనివాడు అడిగాడు.

“ఎలా కత్తిరించమంటారు?”

ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సిన అవసరం అతనికి ఎప్పుడూ రాలేదు. అద్దంలో బావ వైపు చూశాడు.

“వారికి వెనకాల రెండు సుళ్ళు ఉన్నాయి,” అన్నాడు బావ పనివాడితో. “మరీ దగ్గరికి తియ్యకు. నిక్కబొడుచుకుంటుంది.”

పనివాడు తల వంచమన్నాడు. సూపర్‌వైజరు వంచాడు.