పెద్దమ్మగారి ఐపాడ్

అబుదాబీ దగ్గరి బనియాస్‌లో పాత ఫోన్లు కొని అమ్మే వెంకటరాజుకి ఒక నియమం ఉంది. చేతికొచ్చిన ఏ వస్తువునైనా ముందు చెరిపెయ్యాలి, ఆ తర్వాతే బేరం. లోపల ఎవరి ఫోటోలున్నాయో, ఎవరి మాటలున్నాయో తెలియనంతవరకే దుకాణానికి క్షేమం.

అందుకే మంగ ఓ పాత ఐపాడ్ తెచ్చి కౌంటరు మీద పెట్టగానే అతను వస్తువును వదిలి మనిషిని చూశాడు. కోనసీమ మనిషి. దగ్గర్లోని విల్లాలో మంచాన పడ్డ ముసలావిడను చూసుకుంటుంది. అలాంటి చేతికి ఇలాంటి వస్తువు ఎలా వచ్చిందన్నది అతని మొదటి లెక్క.

"ఎవరిదిది?"

"మా పెద్దమ్మగారిదండి, నేను చూసుకునే ఆవిడది. నా ఫోన్లో పాటలు దీంట్లోకి ఎక్కించాలండి. లోపలున్నవి మాత్రం పోకూడదు."

కేబుల్ పెట్టాడు. ఇది చదవలేను, ఫార్మాట్ చెయ్యనా అని అడిగింది కంప్యూటర్. అతని వేలు అలవాటు కొద్దీ అవునన్న చోటికి వెళ్ళింది.

"ఏమడుగుతోందండి?"

"చెరిపేస్తే గానీ పని చెయ్యదంట."

మంగ గభాలున కేబుల్ పీకేసింది. వెంకటరాజుకి అనుమానం గట్టిపడింది.

"దీంట్లో పాటలు ఆపిల్ కంప్యూటర్‌తో ఎక్కించారు. నాది విండోస్. రెండింటికీ పొసగదు. ఆ కంప్యూటర్ ఎక్కడుంది?"

"పెద్దమ్మగారి కోడలు, మా మేడమ్ ఉంది కదండీ, ఆవిడ కూతురిది. చదువుకని లండన్ పట్టుకుపోయింది."

"అయితే మేడమ్‌నే అడుగుదాం." ఆ ఇంటి ఫోన్లన్నీ అతని దగ్గరే కొంటారు. నంబరు ఉంది.

"మేడమ్‌కి వద్దండి."

ఇంకేముంది, దొంగసొత్తే అనుకున్నాడు. పొమ్మంటే, రేపు పట్టుబడ్డప్పుడు ఈ కొట్టు పేరే చెబుతుంది. తీసుకుంటే పోలీసులు రానే వస్తారు. లోపల ఏముందో చూసుకోవడమే తక్కువ నష్టం.

అలాంటి ఐపాడ్‌ను విండోస్‌లో తెరిచే సాఫ్ట్‌వేర్ ఒకటి వెతికి దించాడు. కొన్నాళ్ళు ఉచితమట. ఊరికే ఇచ్చేవాణ్ణి అతనెప్పుడూ నమ్మలేదు. అది అడిగిన అనుమతులన్నీ ఒక్కొక్కటే చదివి, ఫోన్ నంబరు అడిగిన చోట పక్క సెలూన్ వాడి నంబరు కొట్టాడు. ఈసారి ఐపాడ్ తెరుచుకుంది. పాటల పేర్లన్నీ అరబ్బీలో ఉన్నాయి.

"నీ పాటలకి అరబ్బీ పేర్లేంటి?"

"లండన్ వెళ్ళిన పాపే పెట్టిందండి. నేను సెలవుకి ఊరెళితే వాళ్ళ నాయనమ్మకి నిద్ర పట్టదని నా చేత పాడించి ఎక్కించింది. వినండి, మీకే తెలుస్తుంది."

నొక్కాడు. మంగ గొంతే. ఏదో ఊడుపుల పాట. చరణం అయ్యాక ఓ ముసలి గొంతు నవ్వి, అరబ్బీ యాసలో "మంగా, మళ్ళీ" అంది.

దొంగతనం కాదు. అయినా వెంకటరాజు మనసు కుదుటపడలేదు. ఆమె ఫోన్ కలిపి చూస్తే, కొత్తగా పాడినవి పాతవాటికి ఎన్నో రెట్లున్నాయి.

"ఈసారి ఎన్నాళ్ళు సెలవు?"

"నెలండి."

"నెల సెలవుకి ఇన్నా? ఇది ఏళ్ళకి సరిపడే సరుకు."

మంగ వీధి వైపు చూసింది. కారులో ఆ ఇంటి డ్రైవర్ రమీజ్ ఫోన్ చూసుకుంటున్నాడు.

"మనిషిని ఎత్తి కూర్చోబెట్టాలి కదండీ. నా నడుం ఇక ఒప్పుకోవట్లేదు. తిరిగి రానని తెలిస్తే, ఇంకో మనిషి దొరికేదాకా మేడమ్ టికెట్ తియ్యదు. ఆ మనిషి ఎప్పటికి దొరికేను?"

మేడమ్ మంచి ఖాతాదారు. ఈ సంగతి చెవిన వేస్తే ఆ ఇల్లు ఇంకో కొట్టు గడప తొక్కదు. విమానం ఎక్కిన మంగ వల్ల ఇక వచ్చేదేమీ లేదు. వెంకటరాజు ఫోన్ తీసి మేడమ్ పేరు దాకా వెళ్ళాడు.

మంగ చూసింది. బతిమాలలేదు.

"ఈ ఒక్కటీ అన్నిటికన్నా చివర్న రావాలండి" అంది, తన ఫోన్లో ఒకటి చూపించి. "వెళ్ళిపోతున్నానని ఆవిడకి ఇందులో చెప్పాను."

"ఆవిడ అది విని కోడలికి చెబితే?"

"చివరిదాకా వచ్చేసరికి నేను ఊళ్ళో ఉంటాను. అయినా తెలుగులోనే చెప్పానండి. ఇన్నేళ్ళలో ఆవిడకి వచ్చేసింది. మేడమ్‌కి రాదు."

ఇంత లెక్క వేసిన మనిషిని వెంకటరాజు ఈ వీధిలో చూడలేదు. ఫోన్ బోర్లా పెట్టి, పాటలన్నీ ఎక్కించి, ఆ ఒక్కదానికి అన్నిటికన్నా పెద్ద అంకె వేశాడు.

రమీజ్ తలుపు తోసుకుని వచ్చాడు. "ఇత్నీ దేర్, ఇంతసేపా? యల్లా, పద, మేడమ్ ఫోన్ చేస్తోంది."

"పురానా మాల్ హై భాయ్," అన్నాడు వెంకటరాజు, ఐపాడ్ మంగ చేతిలో పెడుతూ. "జల్దీ చేస్తే లోపలున్నదంతా ఎగిరిపోతుంది."