నిండు గ్లాసు నీళ్లు

నలభయ్యో రోజు స్నానంతో నా పురిటి చిల్లా ముగిసింది. బాలింత మొదటిసారి గడప దాటితే దర్గాకే పోవాలని అత్త మున్నవర్ బేగం పట్టుబట్టింది. నేను మహబూబాబాద్ దవాఖానకు పోతానన్నాను.

"ఎందుకు? పిల్ల మంచిగనే ఉన్నది గద."

"పిల్ల కోసం కాదు అమ్మీ, నా కోసం. నిలబడితే కింద ఏదో జారినట్టయితున్నది. దగ్గితే బట్ట తడుస్తున్నది."

ఆమె నవ్వింది. "గింతేనా? ఆరిఫ్ పుట్టినప్పటి సంది నాకు గిట్లనే ఉన్నది. ఎవరికన్న చెప్పిన్నా?"

ఆరిఫ్ నా భర్త. అతనికి ముప్పై ఏళ్లు దాటాయి. ఊరికి పోయే రోజు మా అత్త పొద్దటి నుంచి నీళ్లు ముట్టదు. బస్సు ప్రయాణం పడదేమో అనుకునేదాన్ని. దారిలో బట్ట తడుస్తుందన్న భయమని ఇప్పుడు తెలిసింది.

"బుర్ఖా వేసుకోండ్రి. దవాఖానల ఇద్దరి పేర్లు రాయిస్త."

"ఈ వయసుల నాకెందుకు? నవ్వుతరు."

"నవ్వనియ్యుండ్రి. మీరు ముప్పై ఏండ్లు ఓర్చుకున్నరు. నేను ఓర్చుకోను. ఇగ మిమ్మల్ని గూడ ఓర్చుకోనియ్య."

గ్లాసు నిండా నీళ్లు తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. ఆమె గోడ గడియారం వైపు చూసింది. బస్సుకు ఇంకా అరగంట ఉంది. గ్లాసు ఖాళీ అయ్యేదాకా నేను అక్కడి నుంచి కదల్లేదు.