గ్లాసులో నీళ్ళు

డ్రైవరమ్మ బండి వీధి మలుపు తిరిగేసరికి ఇంటి ముందున్న జనం లేచి నిలబడ్డారు. ఆ బండి వచ్చిందంటే ఇక ఎత్తే వేళయిందని అర్థం. పోయినవాళ్ళను శ్మశానానికి చేర్చే వ్యాను అది. భర్త బతికున్నంతకాలం అతను నడిపాడు, అతను పోయాక ఆమె నడుపుతోంది. ఎన్నో ఇళ్ళ ముందు ఆపింది కానీ ఈ గుమ్మం ముందు ఆపడానికి మాత్రం మనసు రాలేదు. లోపల పడుకోబెట్టి ఉన్నది ఆమె తోడికోడలు. అక్కా అని నోరారా పిలుచుకున్న మనిషి.

బండి ఆపింది కానీ ఇంజన్ ఆపలేదు. అది ఆమె భర్త పెట్టుకున్న కట్టుబాటు. మనిషిని ఎక్కించేదాకా గుమ్మం ముందు ఇంజన్ నడుస్తూనే ఉండాలి. ఆపాక మళ్ళీ స్టార్టు కాక మొరాయిస్తే, గుండెలు బాదుకుంటున్న ఇంటివాళ్ళ ముందు అంతకు మించిన తలవంపు లేదనేవాడు.

అయితే కొన్నాళ్ళుగా ఆ ఇంజన్‌కు నిలబడ్డచోట కుదురు లేదు. రోడ్డు మీద బాగానే పోతుంది. ఆగితే చాలు, గడగడమని వణుకుతుంది. ప్రాణం పోతున్నట్టు గొంతు తగ్గించి, మళ్ళీ ఉలిక్కిపడి లేస్తుంది. దాంతోపాటు వెనకాల చెక్కబల్లా ఊగుతుంది, బల్ల మీది మనిషీ ఊగుతుంది. ఒకసారి ఒక తల్లి, కొడుకు చెయ్యి కదిలింది, బతికే ఉన్నాడంటూ బండి తలుపు పట్టుకుని వదల్లేదు. ఆ రోజు డ్రైవరమ్మ కంచం ముందు కూర్చుని ముద్ద ముట్టకుండా లేచిపోయింది. తెలిసిన మెకానిక్కు ఒకడు ప్లగ్గులు మార్చాడు, కార్బురేటర్ కడిగాడు, ఏమీ తేలక స్క్రూ తిప్పి ఇంజన్ వేగం పెంచి పంపేశాడు. మోత పెరిగింది, వణుకు తగ్గలేదు.

బండ్లు బాగుచేయడంలో చెయ్యి తిరిగిన మేస్త్రీ ఇంట్లోనే ఉన్నాడు. అక్క మొగుడే. కానీ అక్క మంచం పట్టాక అతను షెడ్డు తలుపు తీయలేదు, డ్రైవరమ్మకు అడగడానికి నోరు రాలేదు. ఆ సంగతి ఎత్తింది అక్కే.

"ఏమే, నీ బండెక్కితే పీనుగులు కూడా లేచి కూర్చుంటాయట కదా! నేను పోయేది నీ బండిలోనే. నన్ను మాత్రం అలా కుదిపావో, దిగి నడిచిపోతాను, ఏమనుకున్నావో" అంది మంచం మీద నుంచే.

"నీకంటే ముందు నేను ఎక్కుతాలే. నీకెందుకంత తొందర?" అన్నాడు మేస్త్రీ.

"మీరా? మీరు ఏ పని ముందు చేశారు గనక!"

ముగ్గురూ నవ్వారు. అది మొన్నమొన్నటి మాట.

ఇప్పుడు మేస్త్రీ ఆమె తల దగ్గర కూర్చుని ఉన్నాడు. పొద్దుటి నుంచి గుక్కెడు నీళ్ళు తాగమంటే తాగలేదు. బయట ఇంజన్ దడదడ వినగానే తలెత్తాడు. లేచి, ఎవరు పట్టుకోబోయినా ఆగకుండా బండి దగ్గరికి వచ్చి, చెక్కబల్ల మీద అరచెయ్యి ఆనించాడు.

"అమ్మాయ్, ఇది ఇంకా బాగవలేదా?"

"లేదు బావగారూ."

"అయితే దీంట్లో దాన్ని ఎక్కించను."

మేస్త్రీ బావమరిది పరుగున వచ్చాడు. "బావా, ఇదేం పట్టుదల? పొద్దు వాలితే అక్కడ గేటు మూసేస్తారు. కావాలంటే వేరే బండి పిలుస్తాను."

"మీ అక్క ఈ బండిలోనే వెళ్తానంది. కుదపకూడదంది. ఆ రెండూ జరగాలి." కూతురి వైపు తిరిగాడు. "మీ అమ్మ గ్లాసు తీసుకురా తల్లీ. నిండా నీళ్ళు పోసి."

పోనీలే, ఇప్పటికైనా గొంతు తడుపుకుంటున్నాడని ఆడవాళ్ళు ఊపిరి పీల్చుకున్నారు. అతను ఆ గ్లాసు తీసుకెళ్ళి చెక్కబల్ల మీద పెట్టాడు. నీళ్ళు వలయాలు వలయాలుగా అదిరి అంచు దాటి ఒలికాయి. పెద్దాయనకు మతి చలించిందని ఎవరో గొణిగారు.

మేస్త్రీ ముందు సీటు పైకెత్తాడు. కింద ఇంజన్ ఎగిరెగిరి పడుతోంది.

"బ్రేకు ఎలా ఉంది?"

"ఈమధ్య రాయిలా గట్టిపడింది బావగారూ."

ఆ మాటకు అతని కళ్ళలో ఏదో మెదిలింది. షెడ్డు నుంచి చిన్న గొట్టం ముక్క తెప్పించి, ఒక కొస చెవిలో పెట్టుకుని రెండో కొస ఇంజన్ చుట్టూ తిప్పాడు. తల అడ్డంగా ఊపాడు. ఇంటి వైపు తిరిగి చేతులు జోడించాడు.

"కాసేపు ఏడుపు ఆపండమ్మా. తర్వాత ఏడుద్దాం, నేనూ ఏడుస్తాను. ఇప్పుడు నాకు వినబడాలి."

వీధంతా చప్పున సద్దుమణిగింది. కోపంగా చూస్తున్నవాళ్ళు కూడా నోరు మూసుకున్నారు. గొట్టం కొస ఒకచోట ఆగింది. ఇంజన్ నుంచి బ్రేకుకు వెళ్ళే లావుపాటి రబ్బరు పైపు అది. మేస్త్రీ దాన్ని ఇంజన్ వైపు వేళ్ళతో గట్టిగా నొక్కాడు. వణుకు సగానికి సగం తగ్గింది. వదిలాడు, మళ్ళీ మొదలైంది.

"ఇక్కడుంది. గాలి దొంగదారిన లోపలికి పోతోంది. ఎంత ఊపిరి పీలుస్తోందో ఇంజన్‌కే తెలియడం లేదు. ఆపు."

ఇంజన్ ఆపడమా? డ్రైవరమ్మ చెయ్యి తాళం మీదే నిలిచిపోయింది.

"మన గుమ్మమేగా. ఆపమ్మా."

ఆపింది. పైపు ఊడదీసి తిప్పి చూపించాడు. పైన నల్లగా నిగనిగలాడుతోంది. అడుగున మడమ పగిలినట్టు పగుళ్ళు. మేస్త్రీ వాసన చూశాడు.

"కిరసనాయిలుతో తుడుస్తున్నావా?"

"రోజూ తుడుస్తున్నాను. ఆయన తుడిచేవారు కదా, గుడ్డా డబ్బా పట్టుకుని..."

"వాడు ఇనుము తుడిచేవాడమ్మా. రబ్బరు జోలికి వెళ్ళేవాడు కాదు. కిరసనాయిలు తగిలితే రబ్బరు ఉబ్బి, మెత్తబడి, పాడైపోతుంది."

భర్త చేసిన పని తప్పిపోకూడదని డ్రైవరమ్మ తెల్లారి లేస్తూనే గుడ్డ పట్టుకునేది. ఒక్క గొట్టం వదలకుండా, ఎంత శ్రద్ధగా తుడిచేదని! ఆ శ్రద్ధే బండిని తినేసింది. ఆ తల్లి కేక చెవుల్లో మోగింది.

"ఇలా ఇవ్వండి," అంది. "ఏం చెయ్యాలో చెప్పండి, నేను చేస్తాను."

షెడ్డులో కొత్త రబ్బరు పైపు చుట్ట ఉంది. మేస్త్రీ కొలిచి కోశాడు. పక్కనున్న సన్న గొట్టాలు కూడా మెత్తబడి ఉంటే అవీ తీసేసి, వాటికీ కొత్తవి కోశాడు. బిగించడానికి వంగాడు. స్క్రూడ్రైవరు రెండుసార్లు జారింది. దాన్ని డ్రైవరమ్మ చేతిలో పెట్టాడు. ఆమె క్లిప్పులు బిగించింది. బావమరిది ఎప్పుడు వచ్చాడో, టార్చి పట్టుకుని వంగి నిలబడ్డాడు.

"అక్క చూసి ఉంటే ఏమనేదో తెలుసా బావా? నేను బతికుండగా ఒక్క పనికైనా ఇంత చురుగ్గా లేచారా అనేది."

మేస్త్రీ పెదవులు నవ్వబోయి, నవ్వలేక వంకరపోయాయి. "అనేది," అన్నాడు.

ఇంజన్ స్టార్టు చేయించి, పెంచి పెట్టిన స్క్రూ మెల్లగా వెనక్కి తిప్పాడు. మోత తగ్గింది. ఇంకా తగ్గింది.

"ఆగిపోయిందా?" అన్నాడు బావమరిది గాభరాగా.

"నడుస్తోంది," అంది డ్రైవరమ్మ. స్టీరింగు మీద పెట్టిన చేతికే ఆ సంగతి తెలుస్తోంది.

గ్లాసు మళ్ళీ నింపి బల్ల మీద పెట్టారు. అందరూ మెడలు సాచి చూశారు. నీళ్ళలో ఆకాశం ముక్క ఒకటి చెక్కుచెదరకుండా ఉంది. మేస్త్రీ దాన్ని చాలాసేపు చూశాడు. డ్రైవరమ్మ గ్లాసు తీసి అతనికి అందించింది.

"ఇక తాగండి బావగారూ. ఇవి అక్క ఇచ్చిన నీళ్ళే అనుకోండి."

తాగాడు. తర్వాత నలుగురూ అక్కను ఎత్తి తెచ్చి బల్ల మీద పడుకోబెట్టారు. ఇంటి ముందు ఏడుపు మళ్ళీ మిన్నంటింది. మేస్త్రీ వెనకాలే ఎక్కి, భార్య చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు.

శ్మశానం చేరేసరికి పొద్దు వాలనే వాలింది. కాపలావాడు అప్పటికే గేటుకు తాళం వేసేశాడు. బండిని చూసి, విసుక్కోకుండా మళ్ళీ గుత్తిలో తాళంచెవి వెతకసాగాడు. డ్రైవరమ్మ ఇంజన్ ఆపకుండా కూర్చుని, అద్దంలో వెనక్కి చూసింది. అక్క చెయ్యి కదలడం లేదు. పాదాలు కదలడం లేదు. ఒక్క మేస్త్రీ భుజాలే అదురుతున్నాయి.